మార్చురీ బాబాయ్ నిద్ర

ఆస్పత్రిలో అందరూ మార్చురీ బాబాయ్ అని పిలిచే ఆ మనిషికి శవాలంటే లెక్కే లేదు. పాతికేళ్లుగా వాటికి ముసుగులు సర్దుతూ, కాలివేళ్లకు చీటీలు కడుతూ, మధ్యాహ్నమైతే ఆ పక్కనే బల్ల మీద కూర్చుని క్యారేజీ విప్పుతాడు. దయ్యం సినిమా అంటే మాత్రం చెవి కోసుకుంటాడు. "అదంతా రంగు నీళ్లేనే పిచ్చిదానా," అని మనవరాలికి ధైర్యం చెబుతూ, దిండును గుండెలకు అదుముకుని మరీ చూస్తాడు. ఆ తర్వాత బాత్రూంకి వెళ్లాలంటే భార్యను లేపి, "నీకేమైనా దాహంగా ఉందేమో చూసుకో," అంటాడు. నిన్న రాత్రి అలాంటి సినిమానే ఒకటి చూసి పడుకున్నాక, ఆవిడ జడ జారి చేతికి తగిలేసరికి కెవ్వున అరిచాడు. మనవరాలు లేచొచ్చి తాతకు లైటు వేసి పోయింది.

ఇక లాభం లేదని చొక్కా తొడుక్కుని మార్చురీకి నడిచాడు. "నువ్వింటికి పోరా, నేను చూసుకుంటాలే. ఇక్కడైతే ఎవరి మానాన వాళ్లు పడుకుంటారు," అన్నాడు రాత్రి డ్యూటీ అటెండరుతో. అతను అప్పటికే తల దువ్వుకుని, సంచి భుజాన వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ సినిమా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చింది అతనే మరి.

"రేపు మా పిల్లాడి పుట్టినరోజు బాబాయ్. దీనికి రెండో భాగం కూడా ఉంది, ఇమ్మంటావా?"

బాబాయ్ బల్ల మీద కాళ్లు బారజాపుకున్నాడు.

"ఇంకా భయంగా ఉంటుందా?" అన్నాడు ఆశగా.