తాపయ్యను మూగవాణ్ణి చేసిన నాలుగు రోజులు

మాట్లాడే మనిషిని మూగవాణ్ణి చేయడం మంత్రగాళ్లకే సాధ్యమని మీరు అనుకుంటూ ఉండవచ్చు. కాదండీ. డిగ్రీ పాసైన ఇరవై రెండేళ్ల కుర్రాడికి కూడా సాధ్యమే. నేను చేశాను. అదీ ఊరికే కాదు, మండలాఫీసులో ఫైలు తెరిపించి మరీ చేశాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. అప్పట్లో నవ్వనిది నేనొక్కణ్ణే.

సర్కారు ఆరోగ్య కార్డు మీద పెద్ద ఆపరేషన్లు ఉచితంగా చేయడం కొత్తగా మొదలైన రోజులవి. సెల్‌ఫోన్లకు ఇంకా బటన్లుండేవి. గద్వాలలో డిగ్రీ ముగించి వచ్చి, కొత్తకోటలో మండలాఫీసుకు ఎదురుగా జిరాక్స్ దుకాణం పెట్టాను. జిరాక్స్ పేరుకే. అసలు పని దరఖాస్తులు రాయడం. మనిషి గడప దాటి లోపలికి రాకముందే ఆయన కష్టమేమిటో నాకు తెలిసిపోతుందని నా నమ్మకం. డాక్టర్లు నాడి పట్టుకుని చెప్పేది నేను చెప్పుల అరుగుదల చూసి చెప్పేవాణ్ణి. సగం సార్లు తప్పయ్యేది. ఆ సగాన్ని నేను గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదు.

ఒకరోజు పొద్దున తాపయ్య తాత వచ్చాడు. హైవే మీది దాబాలో రొట్టెలు కాల్చే పెద్దాయన. అసలు పేరు తిలక్ థాపా. సొంతూరు నేపాల్లో ఎక్కడో కొండల మధ్య. నేను పుట్టకముందే ఏదో లారీలో వచ్చి కొత్తకోటలో దిగాడట. తందూరు పొయ్యి ముందు నిలబడ్డాడు, ఈ ఊరి సాయమ్మను పెళ్లి చేసుకున్నాడు, థాపా కాస్తా తాపయ్య అయ్యాడు. సాయమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.

"బిడ్డా, కిడ్నీల రాళ్లున్నయంట," అన్నాడు తాత నడుం పట్టుకుని కూర్చుంటూ. "వనపర్తి డాక్టరు చిట్టీ రాసిచ్చిండు. పట్నంల ఆపరేషన్ కార్డు మీద ఫ్రీగ చేస్తరంట. అయితే ఆ కార్డుల..."

"సమజైంది తాతా!" అన్నాను. ఆయన మాట పూర్తి కాలేదు గానీ నాకు మాత్రం అర్థమైపోయింది. "నీకు కార్డు గావాలె. అంతేగద?"

"కార్డు గాదు బిడ్డా, కార్డుల..."

"ముందు గిది చెప్పు. నువ్వు ఏ దేశపోనివి?"

"పుట్టింది నేపాలే. అయితేంది?"

"అయితేందా? వేరే దేశపోళ్లకు మన సర్కారు కార్డిస్తదా, పింఛనిస్తదా? నీది నేపాలని తెలిసిందనుకో, జీపెక్కించి బార్డరు కాడ దింపొస్తరు."

నిజం చెప్పాలంటే నాకు ఏ చట్టమూ తెలియదు. బార్డరు అంటే మాటకు కొంచెం బరువొస్తుందని అన్నాను, అంతే. తాత ముఖం గోధుమపిండి చల్లినట్టు తెల్లబోయింది.

"గీ వయసుల నన్ను ఏడికి తోలుతరు బిడ్డా? నా సాయమ్మను ఈడ్నే పెట్టిన గద."

అక్కడైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆయన భయం చూసి నా తెలివికి ఇంకాస్త ఊపొచ్చింది.

"నేనున్న గద, పరేషాన్ గాకు. నువ్వు నోరు తెరిస్తే నీ మాటతోటే దొరికిపోతవ్. గందుకని మూగోని లెక్క ఉండు. ఎవ్వరేమడిగినా పలకొద్దు. చెవులు గూడ వినపడయనుకో."

"నా మాటకేమైంది?"

"మళ్ల షురూ జేసినవ్! మాట్లాడొద్దంటున్న గద."

ఆయన నోరు మూశాడు. బతుకంతా తన రెండు చేతుల్నే నమ్ముకున్న మనిషి ఆరోజు నా డిగ్రీని నమ్మాడు.

మండలాఫీసులో పింఛన్లు చూసే సరోజ మేడం బదిలీ మీద వచ్చి వారమే అయింది. ఊళ్లో ఎవరెవరో ఆమెకు తెలియదు. వరండాలో పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు వరుసగా కూర్చున్నారు. ఇంకో సంగతి చెప్పాలి. ఆఫీసు గుమ్మం దాటితే నా భాష మారిపోయేది. పేపర్లో చదివిన మాటలన్నీ ఇస్త్రీ చేసుకుని నాలుక మీదికి వచ్చేవి.

"నమస్కారం మేడం గారూ. ఈ వృద్ధుడు జన్మతః మూగ, చెవిటి, నిస్సహాయుడు. ఈయనకు పింఛనుతో పాటు ఆరోగ్య కార్డు కూడా మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను."

మేడం కళ్లజోడు తీసి తాతను చూసింది. ఆమెది మెత్తని మనసు. నా ఖర్మ కాకపోతే, ఆఫీసులో అంత మెత్తని మనసు ఎందుకుండాలి చెప్పండి!

"అయ్యో పాపం. మాట లేకుండ ఇన్నేండ్లు ఎట్ల బతికినవయ్యా! ముసలోళ్ల పింఛనెందుకు, వికలాంగుల పింఛనుకే రాద్దాం. అదే ఎక్కువొస్తది. పేరేంది?"

పేరు! తాపయ్య అంటే ఎక్కడ థాపా బయటపడుతుందోనని నోటికొచ్చిన పేరు చెప్పేశాను. "మౌ... మౌనయ్య మేడం."

తాత ఉలిక్కిపడి నా వంక చూశాడు. వెంటనే అంగీ లోపలి జేబు మీద చెయ్యి వేసి టపటపా తట్టడం మొదలుపెట్టాడు.

"ఏమంటుండు?" అంది మేడం.

"గుండె మీద చేయి వేసుకుని మీకు కృతజ్ఞతలు తెలుపుతున్నాడు."

తాత తల అడ్డంగా ఊపి, ఇంకా గట్టిగా తట్టాడు.

"ఇప్పుడేమంటుండు?"

"ఎంత తెలిపినా తక్కువే అంటున్నాడు మేడం."

మేడం కొంగుతో కళ్లొత్తుకుంది. నాలుగో రోజు రమ్మంది, ఈలోపు మౌనయ్య పేరు మీద కొత్త ఫైలు తెరిచింది.

మేడం ఏ పూటైనా భోజనానికి దాబాకు రావచ్చు కాబట్టి, అక్కడ కూడా పెదవి విప్పొద్దని తాతకు ఆర్డరేశాను. ఇక చూడండి దాబా అవస్థ. డ్రైవర్లు ముచ్చట పెడితే తాత దగ్గరి నుంచి రొట్టెలొస్తున్నాయి తప్ప మాట రావడం లేదు. ఓనరు గొంతు పట్టేసిందనుకుని పూటకో గ్లాసు మిరియాల కషాయం తాగించాడు. బెంగళూరు లారీ డ్రైవరొకాయన ఎవరిదో దిష్టి తగిలిందని తందూరు పొయ్యికి నిమ్మకాయలు కట్టిపోయాడు. నేను సాయంత్రం అటువైపు వెళ్లినప్పుడల్లా తాత ఆశగా దగ్గరికి వచ్చేవాడు. నేను పెదవుల మీద వేలు పెట్టి, భలే చేస్తున్నావని తలూపి వచ్చేసేవాణ్ణి.

నాలుగో రోజు మేడం కాగితం మీద సంతకానికి కలం ఎత్తింది. సరిగ్గా అప్పుడే, వారం రోజులు సెలవులో ఉన్న అటెండరు కరీం చాచా టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చాడు.

"అరే తాపయ్యా! కైసే హో? ఏంది, సలాం గూడ తీస్కుంటలేవు?"

మేడం కలం గాల్లోనే ఆగింది. "తాపయ్యేంది? ఈన మౌనయ్య గద?"

"మౌనయ్య ఎవరు మేడం? ఈన మా దాబా తాపయ్య."

"పుట్టు మూగ అంటుండు ఈ పిలగాడు."

"మూగనా! ఇరవై ఏండ్ల సంది నా చెవులు తింటుండు మేడం!"

అందరూ నా వైపు తిరిగారు. నేను గొంతు సవరించుకున్నాను. "ఈయనకు ఇటీవలే మాట పడిపోయింది మేడం."

"పుట్టుకతోటే అంటివి?"

"పుట్టుకతో కొంత. మిగతాది ఇటీవల."

ఇంతకన్నా దరిద్రమైన సమాధానం ఎవరైనా చెప్పగలరేమో నాకు తెలియదు. మేడం ఏదో అనబోయింది. ఈలోపు తాత కిడ్నీలోని రాళ్లకు ఈ నాటకం మీద విసుగు పుట్టింది కాబోలు, ఒక్కసారిగా కదిలాయి.

"ఓ సాయమ్మో! సచ్చిపోతున్ననే! ఓర్నాయనో, జర ఎవలన్న పట్టుకోండ్రి!"

ఆ కేకకు ఫైళ్ల మీది దుమ్ము లేచింది. వరండాలోని ముసలమ్మలంతా తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "మూగాయనకు మాటొచ్చిందే!" అని ఒకామె దండం పెట్టింది. ఇంకొకామె ఏకంగా మేడం దగ్గరికి వచ్చి చీర కాస్త ఎత్తి, "మీ చెయ్యి మంచిదమ్మా, నా మోకాలు గూడ జర ముట్టుకోండ్రి" అంది. చూస్తుండగానే మేడం టేబులు ముందు మోకాళ్ల వరుస తయారైంది.

కరీం చాచా తాతను బెంచీ మీద పడుకోబెట్టి, తాత దగ్గరే ఉన్న నొప్పి మాత్ర వేశాడు. కాసేపటికి నొప్పి తగ్గింది. నాలుగు రోజులుగా లోపలే ఉండిపోయిన మాటలన్నీ అప్పుడు కట్ట తెగినట్టు వచ్చాయి.

"అమ్మా, నేను మూగోణ్ణి గాను, చెవిటోణ్ణి గాను. నాకు కార్డు ఎప్పటి సందో ఉన్నది." అంగీ లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆపరేషన్‌కు చెల్లే తెల్ల రేషను కార్డు, దాని మీద సాయమ్మ పేరు, ఆ పేరు కింద భర్త తాపయ్య. "కార్డుల తాపయ్య అని ఉన్నది. దవాఖాన చిట్టీల తిలక్ థాపా అని రాసిండ్రు. రెండు పేర్లు ఒక్కనియే అని ఒక్క లైను రాసియ్యమని ఈ పిలగాని కాడికి వోయిన. నా మాట ఇంటెగద!"

"మరి పింఛను?" అంది మేడం.

"రెండేండ్ల సంది తీస్కుంటనే ఉన్న తల్లీ."

మేడం నా వైపు చూసిన చూపుకు తందూరు పొయ్యి అక్కర్లేదు, రొట్టె దానంతటదే కాలుతుంది.

"నేపాలని చెప్తే బార్డరు దాటిస్తరన్నడమ్మా," అన్నాడు తాత నెమ్మదిగా. "నిజమేనా?"

"ఎవలు దాటిస్తరయ్యా? కార్డు ఉన్నది, పేరున్నది, ఇన్నేండ్ల సంది ఈడ్నే ఉంటున్నవ్. నీ ఆపరేషన్‌కు ఏమడ్డం లేదు. అయినా నీ మాట వింటే మా మేనమామ మాట్లాడినట్టే ఉన్నది. ఈ పిలగాని మాటనే ఏ దేశందో సమజైతలేదు."

వరండా అంతా గొల్లుమంది. నేను ఆ ఒక్క లైను రాశాను. ఆ ఒక్క లైనులోనే మూడు తప్పులు పోయాయి. అంతటితో అయిపోలేదు. తెరిచిన ఫైలు మూయాలంటే కారణం రాసివ్వాలట. నా జీవితంలో రాసిన అతి కష్టమైన దరఖాస్తు అదే. "సదరు మౌనయ్య అను వ్యక్తి లేనందునను, ఉన్న తాపయ్య బాగుగా మాట్లాడుచున్నందునను..."

పట్నంలో ఆపరేషన్ బాగా జరిగింది. మూడు వారాలకు తాత తిరిగొచ్చి, కిడ్నీలోంచి తీసిన రాళ్లను చిన్న సీసాలో వేసుకుని ఊరందరికీ చూపించాడు. నా దుకాణానికీ తెచ్చాడు. నేను సిగ్గుతో తల దించుకుని, తప్పైంది తాతా అన్నాను.

"నవ్వులాటకేంది గని బిడ్డా," అన్నాడు, "ఆ నాలుగు దినాలు నాకు కన్ను మూతపడలే. సాయమ్మ సమాధి కాడికి వోయి, నన్ను తోలుకపోతరంటనే అని చెప్పుకున్న."

అంత చెప్పి, ఆయనే నా భుజం తట్టి, రెండు వేడి రొట్టెలు చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆరోజే జిరాక్స్ మిషను మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను. భూమి బద్దలైనా సరే, ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా మధ్యలో నోరు పెట్టను.

ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు. మొన్న ఒక ముసలమ్మ వచ్చి కూర్చుంది. లింగాలలో ఉన్న కూతురి గురించి మొదలుపెట్టింది. అల్లుడి మోకాలు, వియ్యపురాలి నోరు, మనవడి చదువు, మధ్యలో ఈనిన బర్రె. ముప్పావు గంట. నేను ఊఁ కొట్టడం తప్ప పెదవి కదపలేదు. అంతా అయ్యాక ఆమె చీర సర్దుకుని అడిగింది.

"ఇంతకు నాగర్‌కర్నూలు బస్సు ఎప్పుడొస్తది బిడ్డా?"

తను మాట మొదలుపెట్టినప్పుడే బస్సొచ్చి, బర్రె ఈనేటప్పటికి వెళ్లిపోయిందని ఆమెకు ఎలా చెప్పను?