కృపాకర్ సార్ కూర్చోబెడితే

కృపాకర్ సార్‌కు ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏ పని చెడినా అందరినీ కూర్చోబెట్టి, "ఏం నేర్సుకున్నం?" అని అడగకపోతే ఆయనకు అన్నం సహించదు.

జీవితమంతా రాకెట్ల దగ్గర గడిపి, రిటైరై సొంతూరు చేవెళ్లకు వచ్చేశారు. ఊరికే ఉండలేక మొయినాబాద్‌లో చిన్న రాకెట్ ఇంజిన్లు చేసే ఒక షెడ్డులో సలహాదారుగా చేరారు. అక్కడి ఇంజినీర్లకు పెద్ద లిదియా. సార్ పుణ్యమా అని తలనొప్పి మాత్రలు ఆమె నెలవారీ సరుకుల్లో చేరాయి.

చాయ్ ఒలికితే మీటింగు. కరెంటు పోతే మీటింగు. చర్చిలో ఎవరిదో పెళ్ళిలో బిర్యానీ తక్కువైతే పెళ్ళికూతురి తండ్రినీ వంటాయననూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. వాళ్ళు నేర్చుకునేలోపు పెరుగన్నం కూడా అయిపోయింది.

పోనీ, మీటింగైనా సవ్యంగా సాగుతుందా అంటే అదీ లేదు. పెద్దవాళ్ళ నుంచే మొదలు కావాలంటారు. ముందు తన తప్పులు చెప్పుకుంటారు, ఒక్కోదానికి ఓ పీఠిక. చిన్నవాళ్ళ వంతు రాకముందే "చాలు, చాయ్ తాగుదాం" అని లేస్తారు.

"సగంల ఇడ్సిపెట్టేదానికి కూసునుడెందుకు సార్?" అని లిదియా మొత్తుకుంటే నవ్వి ఊరుకుంటారు.

మొన్న పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడవచ్చిన రోజే టెస్టులో ఇంజిన్ మండలేదు. విప్పి చూస్తే, ఇంధనం గొట్టానికి దుమ్ము పడకుండా పెట్టిన ఎర్ర మూత అట్లాగే ఉంది. మూతలు తీయాల్సింది కొత్త ఇంజినీరు నిఖిల్. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

అతిథుల కారు గేటు దాటగానే యజమాని శశిధర్ అంతెత్తున లేచాడు. "ఎవడు చేసిండీ పని? వాడు రేపటి నుంచి రావద్దు!"

"జర కూసుందాం శశిధర్," అన్నారు సార్.

లిదియాకు ఒళ్ళు మండింది. ఒకడి ఉద్యోగం పోతుంటే ఈయన కథలా!

"ఆఖరుకు ఇంజిన్ చూసింది నేనే," అని మొదలుపెట్టారు సార్. "వచ్చినోళ్లకు నమస్తె పెట్టుడుల పడి సరిగ చూడలె." పొద్దున తిన్న ఉప్మాతో సహా తీరిగ్గా చెప్పి, శశిధర్ వైపు తిరిగారు. "ఇగ నువ్వు."

"నాదేమున్నది?"

"యాది చేసుకో. తొందర లేదు."

శశిధర్ కుర్చీలో గింజుకున్నాడు. సార్ కదల్లేదు. చివరికి గొణిగాడు: "వాళ్లకు జన్వాడ ఫామ్‌హౌస్‌ల దావత్ ఉన్నదని టెస్టు గంట ముందుకు జరపమన్న."

"ఆ గంటలనే మూతలు చూస్తరు," అన్నారు సార్ మెత్తగా.

తర్వాత లిదియా: "నేను పైపైన చూసి సంతకం పెట్టిన."

నిఖిల్ లేచి నోరు తెరిచాడు.

"చాలు, చాయ్ తాగుదాం," అంటూ సార్ లేచారు. "రేపటి నుంచి మూతలన్నీ నిఖిలే చూస్తడు. ఏమంటవ్ శశిధర్?"

శశిధర్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "చూడనియ్యండి సార్."

లిదియా ఆయన్ను పక్కకు పిలిచింది. "నిఖిల్‌ని ఎందుకు అడగలె?"

"వాడు నేర్సుకున్నది వాని మొహం మీదనే ఉన్నది బిడ్డా. మరిచిపోయేది మనమే. అందుకే మనల్నే అడుగుత."

ఇన్నాళ్ళూ తాను తిట్టుకున్న, సగంలో వదిలేసిన మీటింగులన్నీ ఎవరి దగ్గర ఆగాయో లిదియాకు అప్పుడర్థమైంది. కళ్ళు చెమర్చబోతుండగా అటు చూసింది. అందరికీ చాయ్ పోయబోతున్న నిఖిల్, ఫ్లాస్కు మూత నిజంగా తీశాడో లేదో తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆమెకు నవ్వాగలేదు.