సరిహద్దు అవతల వేసిన వేలిముద్ర

చదువురాని ఏసోబు హుజూర్‌నగర్ దగ్గర ఒక దొరకు పన్నెండేళ్లుగా కారు నడిపేవాడు. 1941 ఎండాకాలంలో ఇద్దరూ నైజాం సరిహద్దు దాటి బ్రిటిష్ పాలనలోని జగ్గయ్యపేట వైపు పోతుండగా, దొర సరదాపడి తానే స్టీరింగు పట్టి ఒక ఎడ్లబండిని గుద్దాడు. బండివాడి కాలు విరిగింది. అతను స్పృహ తప్పి ఎవరినీ చూడలేదు.

"నేనే నడిపిన అని చెప్పు, ఏసోబూ. రేపే వకీలును తోల్కొస్త," అన్నాడు దొర. ఏసోబు నమ్మి, పోలీసులు రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు.

దొర రాలేదు. కోర్టు దగ్గర ఒక ముసలి వకీలు జాలిపడి అడిగాడు.

"తెలియని కాగితం మీద వేలిముద్ర వెయ్యనని చెప్పొచ్చు కదయ్యా? పరాయి రాజ్యం వాడివైనా ఆ హక్కు నీకుంది."

"గా ముచ్చట నాకెవరు చెప్పిన్రు బాబూ? మా దొర వస్తడు, అడుగున్రి."

వకీలు దొర కోర్టుకు పంపిన ఉత్తరం చదివి వినిపించాడు. డ్రైవరు తనను అడగకుండా కారు తీసుకుపోయాడనీ, ఆ రోజు తాను ఊళ్లోనే ఉన్నాననీ అందులో ఉంది.

మూడు నెలల జైలు తర్వాత ఇంటికొస్తే దొర పిలిపించాడు.

"వచ్చినవా? కారు కడుగు, యాదగిరిగుట్టకు పోవాలె."

"అడగకుండ కారు తీస్కపోయేటోన్ని నమ్ముతవా దొరా?" అని ఏసోబు వెనుదిరిగాడు.

భార్య ఈదమ్మతో సూర్యాపేట చేరి, లారీలు బాగుచేస్తూ బతికాడు. ఎవరైనా దొర పేరెత్తితే తింటున్న అన్నం వదిలి లేచిపోయేవాడు.