మబ్బూ పొదా ఒక్కటే బొమ్మ

మా అన్న పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో మా పాత వీడియో గేమ్ ఫొటో పెట్టి, "జనగామల ఉన్నప్పుడు మనిద్దరం ఎంత ఆడినమే!" అని రాశాడు. చూడగానే ఒళ్లు మండింది.

ఆడింది నువ్వొక్కడివే అన్నా. టీవీ వెనక వైరు వదులుగా ఉండేది, కాస్త కదిలితే బొమ్మ పోయేది. ఎండాకాలం సెలవులన్నీ టీవీ పక్కన కూర్చుని ఆ వైరు పట్టుకున్నది నేను. ఇది చదివేవాళ్లూ, మీ ఇళ్లలో ఎవరు పట్టుకున్నారో మీరూ ఒకసారి గుర్తు చేసుకోండి.

కానీ ఆ ఆటను నిజంగా చూసింది నేనే, జానెడు దూరం నుంచి. వేడెక్కిన టీవీ వాసన, తెర మీద మరక లేని నీలాకాశం, గళ్లు గళ్లుగా పేర్చిన ఎర్ర ఇటుకలు. తెల్ల మబ్బుకు ఆకుపచ్చ రంగేసి కింద పెడితే అదే పొద అని ఒకరోజు కనిపెట్టాను. సంబరం ఆగక అరిచాను.

"అన్నా, మబ్బు, పొద ఒక్కటే బొమ్మ! చూడు!"

వాడు తల కూడా తిప్పలేదు. "సప్పుడు చెయ్యకు. వైరు జర గట్టిగ పట్టు" అన్నాడు.

మనిద్దరం అని రాయకు అన్నా. అది ఇద్దరు ఆడే ఆటే. రెండో రిమోట్‌కు నువ్వు చివరిదాకా కవర్ కూడా విప్పలేదు.