పెదనాయన చేతికి నేను కట్టిన గడియారం

ఆ రోజుల్లో అనగానే కాణీకి కమ్మని కాఫీ దొరికిన కాలం అనుకోకండి. నేను చెప్పేది, చేతిలో ఫోన్ ఉండగా చేతికి గడియారం ఎందుకని జనం దాన్ని విప్పి బీరువాలో పడేసిన తర్వాతి కాలం. సరిగ్గా అప్పుడే నాకు ముక్కలన్నీ కూర్చి సొంతంగా ఒక గడియారం కట్టాలని బుద్ధి పుట్టింది. ఎవరూ అడగని పని మీద మనిషికుండే శ్రద్ధ అడిగిన పని మీద ఉండదు కదా. నాకు ఇరవై నాలుగేళ్లు, కొత్త ఉద్యోగం. తొండియార్‌పేటలోని ఇంటి నుంచి ఊరికి దక్షిణపు కొసనున్న కంప్యూటర్ కంపెనీకి రోజూ రెండు గంటల ప్రయాణం (తిరిగి రావడం వేరే). దారి పొడుగునా ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ ఒక కిట్ తెప్పించాను. పెట్టెలో కేసు, డయలు, మూడు ముళ్లు, అద్దం, తోలు పట్టీ, లోపల తిరిగే యంత్రం, ఒక పట్టకారు, వేలెడంత స్క్రూడ్రైవరు ఉన్నాయి. గంటన్నరలో పూర్తవుతుందని కాగితం మీద రాశారు. నాకు ఐదు ఆదివారాలు పట్టింది.

మాది ఉమ్మడి కుటుంబం. ఇంట్లో పిల్లల మధ్య స్క్రూ కింద పడితే అది ఎవరి కడుపులో తేలుతుందో చెప్పలేం కాబట్టి, జార్జి టౌన్‌లో పెదనాయన అంగడి తాళంచెవి అడిగి పుచ్చుకున్నాను. ఆదివారం మూత. వీధిలో తోపుడుబండ్లు కూడా ఉండవు. ఆ అంగడిలో హ్యాండ్‌బ్యాగులకు, పర్సులకు కుట్టే సరుకంతా హోల్‌సేల్‌గా అమ్ముతారు. జిప్పులు, బకిల్స్, అన్నింటికన్నా ఎక్కువగా టప్పున మూసుకునే అయస్కాంతపు గుండీలు. ఆ గుండీల పెట్టెలు నాలుగు కలిపి బల్లలా పేర్చుకొని, వాటి మీద తెల్లకాగితం పరిచి పనిలో కూర్చున్నాను. మొదటివారం స్క్రూలు పట్టకారులోంచి జారిపోయాయి. రెండోవారం నుంచి ఎంత చిన్న స్క్రూ అయినా పట్టకారుకు అతుక్కుని ఉండేది, విదిలించినా రాలేది కాదు. ఇదంతా నా చేతి మహిమ అనుకున్నాను. జారిపోయిన స్క్రూ ఒకటి గుండీల పెట్టె పక్కన అంటుకుని దొరికితే, దేవుడు కూడా నా పక్షమే అనుకున్నాను. (నేను ఇంజనీరింగ్ చదివిన వాణ్ణని ఇక్కడ మనవి చేసుకోవాలి.)

ఇంత కష్టం ఎవరి కోసమంటే పెదనాయన కోసమే. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మా నాయనతో సహా ఇంట్లో అందరూ మూడే అని ఒప్పుకున్నవాళ్లు. ఆయన దృష్టిలో నా ఉద్యోగం ఉద్యోగం కాదు. "ఆడ పోయి టకటకా కొడతాడంట, జీతం ఇస్తారంట. చేత్తో ఒక వస్తువు చేసి చూపించమనండి చూస్తాం" అనేవాడు, నేను ఎదురుగా అన్నం తింటూ ఉండగానే. అందుకే ఒక గురువారం సాయంత్రం గడియారానికి టైం సరిచేసి, పసుపు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. వెనక గాజుమూతలోంచి చక్రాలు తిరగడం చూశాడు.

"నువ్వే చేసినావా?"

"నేనే పెదనాయనా."

"పరవాల్లె రా" అన్నాడు. ఇరవై నాలుగేళ్లలో ఆయన నోట నా గురించి వచ్చిన మొదటి మంచిమాట అది. అప్పటికప్పుడు తన పాత వాచీ విప్పేసి నాది కట్టుకున్నాడు.

మర్నాడు శుక్రవారం, అక్క అంగడి తెరిచే రోజు. అక్క అంటే పెదనాయన కూతురు. లేసులు, జరీ అంచులు అమ్మే చిన్న అంగడి తొండియార్‌పేటలో తన పేరు మీదే పెట్టుకుంటానని రెండేళ్లు పోరింది. మా ఇంట్లో అంగడి బోర్డు మీద ఆడపిల్ల పేరు అంతకుముందు ఎక్కలేదు. పెదనాయన చివరికి ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. "రాహుకాలం పన్నెండుకి పోతుంది. పన్నెండూ ఐదుకి రిబ్బన్ తెగాల. దాంట్లో ఒక్క తప్పు జరిగినా ఆ రోజే షట్టర్ దించేస్తా, మళ్లీ నన్ను అడగబాకు." ఆయన అన్నాడంటే దించేస్తాడు. అక్కకు తెలుసు, నాకూ తెలుసు.

మా ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. ఎప్పుడో ఒక గృహప్రవేశంలో సరిగ్గా పాలు పొంగే వేళకు ఎవరిదో ఫోన్ మోగి చావు కబురు వచ్చింది. అప్పటినుంచి ఏ శుభకార్యమైనా సరే, అందరి ఫోన్లూ ఆపి ఒక పసుపుసంచిలో వేసి మేకుకు తగిలించాల్సిందే. పురోహితుడి ఫోన్ కూడా అందులోకే. ఇక టైం అంటే పెదనాయన చేతి గడియారమే. ఆ రోజు నాకు ఆఫీసు డ్యూటీ ఉంది. సర్వర్ పడిపోతే పలకాలి. అందుకని పాత ఫోన్ ఒకటి సంచిలో వేసి, అసలుది చప్పుడు రాకుండా చేసి జేబులో దాచాను.

పూజ సాగుతోంది. పెదనాయన వచ్చిన ప్రతివాడికీ చెయ్యి చాపి గడియారం చూపిస్తున్నాడు. "మా వాడు కట్టింది. స్క్రూతో సహా వాడే." నేను వినయం నటిస్తూ దీపాల వైపు చూస్తున్నాను. అంతలో ఆయన "పదకొండూ యాభై ఐదు, ఇంక పది నిమిషాలు" అని ప్రకటించాడు. ఎందుకో జేబులోంచి ఫోన్ కొంచెం పైకి లాగి చూశాను.

పదకొండూ ముప్ఫై ఎనిమిది.

మళ్లీ చూశాను. ఫోన్ తప్పు చెప్పదు. గడియారం రాత్రికి రాత్రి పదిహేడు నిమిషాలు ముందుకు పరిగెత్తింది. (మా ఇంటి గోడ గడియారాన్ని ఎప్పుడూ పది నిమిషాలు ముందే పెడతారు కాబట్టి, దాంతో పోల్చి చూసే అలవాటు ఎవరికీ లేదు.) ఆయన లెక్కన పన్నెండూ ఐదు అయ్యేసరికి అసలు రాహుకాలం పోవడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంటుంది. నోరు విప్పితే అక్క అంగడి నిలుస్తుంది. నా పరవాల్లె పోతుంది, పైగా ఫోన్ దాచిన నేరం బయటపడుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. చెప్పాల్సింది. చెప్పలేదు. దానికి బదులు తెలివితేటలు ఉపయోగించాను.

కర్పూరం చాలదన్నాను. పొట్లాలు పొట్లాలు బయటికి తీశారు. టెంకాయ తడిగా ఉంది, ఇంకోటి తెద్దామన్నాను. "తడిగా ఉంటే కొట్టకూడదని ఏ శాస్త్రంలో ఉంది నాయనా" అని పురోహితుడు ఠపీమని కొట్టేశాడు. గుమ్మడికాయ మీద పసుపు సరిగ్గా లేదన్నాను. పెద్దమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి "జొరమా రా?" అంది. చెమట ధారగా కారుతోంది. ఆయన చేతి మీద నా గడియారం, నా చేత్తో పెట్టిన ముల్లు, ఎవరో తరిమినట్టు పోతోంది.

"పన్నెండూ ఐదు. అమ్మా, రిబ్బన్ కత్తిరించు" అన్నాడు పెదనాయన.

పళ్లెంలో కత్తెర లేదు. ఇప్పుడే ఇక్కడ చూశామని అందరూ అన్నారు. లేసుల పెట్టెలు తీశారు, పూలబుట్ట బోర్లించారు. అక్క కూడా వంగి వంగి వెతికింది. నేను మనసులోనే దేవుడికి నూటెనిమిది టెంకాయలు మొక్కి, అందరికన్నా ఉత్సాహంగా కత్తెర లేని చోట్లన్నీ వెతికాను. ఆరు నిమిషాలు గడిచాయి. "ముహూర్తం దాటిపోతా ఉండాది" అని పెదనాయన కేక వేశాడు. చిన్నాయన పక్క అంగడికి పరిగెత్తి బ్లేడు తెచ్చాడు. అక్క బ్లేడు అందుకుని రిబ్బన్ దగ్గర నిలబడి, తలెత్తి నా వైపు చూసింది.

"వద్దు, కొయ్యబాకు అక్కా" అన్నాను. "గడియారం తప్పు. పదిహేడు నిమిషాలు ముందుంది. ఇంకా రాహుకాలంలోనే ఉండాం." రుజువుగా ఫోన్ తీసి చూపించాను. పదకొండూ యాభై నాలుగు.

పెదనాయన ఫోన్ చూశాడు, గడియారం చూశాడు, నన్ను చూశాడు. ముఖంలో ఏమీ తెలియలేదు. గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"రిబ్బన్ తెగిందా?" అని అడిగాడు.

"లేదు నాయనా" అంది అక్క.

"అయితే తప్పు జరగల్యా. అందురూ ఆడనే నిలబడండి."

ఆయన షట్టర్ ముందు స్టూలు వేసుకుని, నా ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మేం ముప్ఫై మందిమి ఎండలో నిలబడ్డాం. పన్నెండింటికి రెండు నిమిషాలుందనగా ఆ ఫోన్ గుర్రుమని అదిరింది. పెద్దమ్మ గుండె పట్టుకుంది. మా మేనేజరు. పెదనాయనే ఎత్తాడు. "సార్, ఈడ రాహుకాలం సార్. పన్నెండు అంజుకు మేల పేసుంగ" అని అరవం కలిపి, పన్నెండూ ఐదు దాటాక మాట్లాడమని చెప్పి పెట్టేశాడు. నా ఉద్యోగం కూడా పోయిందనుకున్నాను. మా మేనేజరు ఈ ఊళ్లో పుట్టినవాడు కాబట్టి సరిగ్గా పన్నెండూ ఆరుకు మళ్లీ చేశాడు. అప్పటికి రిబ్బన్ తెగింది, అక్క గల్లాపెట్టె దగ్గర కూర్చుంది, పెదనాయనే మొదటి బేరంగా రెండు గజాల లేసు కొన్నాడు.

తర్వాత గడియారాన్ని మా సందులోని ముసలి రిపేరు తాతకు చూపించాను. ఆయన దిక్సూచి పక్కన పెట్టాడు. సూది గిరగిరా తిరిగింది. "కాంతం పట్టేసింది తంబీ. లోపల స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి, అందుకే ఆ పరుగు. దీన్ని ఎక్కడ పెట్టి చేసినావు?" అని అడిగాడు. అయస్కాంతపు గుండీల పెట్టెల మీద అని చెప్పాను. పాపం, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. ఒక్క క్షణంలో కాంతం వదిలించి ఇచ్చాడు. పెదనాయన దాన్ని ఇప్పటికీ కట్టుకుంటాడు, అంగడి మూసిన ఆదివారాలు మాత్రమే.

అంగడి తెరిచిన ఆ రోజు సాయంత్రం జనమంతా వెళ్లాక, అక్కా నేనూ చెత్త ఊడుస్తున్నాం.

"కత్తెర దొరికిందా అక్కా?"

"పోతే గదా దొరికేదానికి. నా చీర రొంటినే ఉండింది."

చీపురు ఆపేశాను.

"డేయ్, నీ మొహం నాకు తెలీదా. ఏదో కొంప మునిగిందని కనిపెట్టినా. ఏందో తెలీదు. నువ్వే చెప్తావని కొంచేపు ఆపినా."

"నన్నే అడిగేస్తే పోయేది గదా."

"నేను అడిగి చెప్పిస్తే నాయన ముందర నీ పరువు పోతుంది. నువ్వుగా చెప్తే పోదు. చెప్పినావు గదా, సరే పో" అని చేటలో చెత్త ఎత్తుకుని బయటికి వెళ్లింది.

ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నా పరవాల్లె కోసం నేను ఆమె అంగడిని పణం పెట్టాను. నా పరువు కోసం ఆమె కూడా ఆ అంగడినే పణం పెట్టింది. ఒక్క మెచ్చుకోలు కోసం పదహారు నిమిషాలు నోరు మూసుకున్న ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే తిట్టాలని అనిపించదు. చెమట తుడుచుకోమని తువ్వాలు ఇచ్చి, కొంచెం నవ్వి, "ఒరే, అటు అక్క వైపు ఒకసారి చూడు" అంటాను.