పాలు నీళ్లయిన రోజు

దూరాన ఉన్న మనవలకు ఫోన్‌లో చెప్పిన ముచ్చటే మీకూ చెబుతున్నాను. రెండువేల సంవత్సరం తర్వాత పటాన్‌చెరులో రాడార్ భాగాలు చేసే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. కాల్చిన పింగాణీ పలకల సందులో నింపే ద్రవం తెల్లగా ఉండేది. మేం పాలు అనేవాళ్లం. ఓసారి దాని సీసా వేడి కొలిమి పక్కన ఉండిపోయింది. చూస్తే పాలు తేట నీళ్లయ్యాయి! విదేశీ సరుకు, నా కొలువు పోయినట్టే అనుకున్నాను.

“మేడమ్, పాలు ఖరాబైనయ్. నన్ను తీసేస్తరా?” ఏడ్చేశాను.

ఇంజనీరమ్మ నవ్వింది. “ఏం గాలే అక్కా. జెర సల్లారనియ్.”

చల్లారుతుంటే నా కళ్లముందే నీళ్లు మళ్లీ పాలయ్యాయి.

“గిది లిక్విడ్ క్రిస్టల్ అక్కా, ఏడైతే గట్లనే తేటైతది. ఇగ నువ్వే నింపు,” అంది.

నింపాక కరెంటు ఇచ్చింది. పలకల్లో ఏదీ కదల్లేదు, పరీక్ష యంత్రం తెర మీద రాడార్ తరంగం గీత మాత్రం పక్కకు జరిగింది; అంటే ఏదీ తిప్పకుండానే రాడార్ చూపును తిప్పొచ్చన్నమాట. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.