క్వారీ గేటు దగ్గర చుక్క

మా బావకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బస్సు డిపోలో మెకానిక్. నేనూ అక్కడే టైర్లు మారుస్తాను. సెలవు దొరికితే చాలు, ఫోను పట్టుకుని కొండలెక్కుతాడు. ఎవరైనా దిద్దగలిగే ఉమ్మడి పటం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. కాలిబాటలు ఎక్కడ మొదలవుతాయో అందులో చుక్కలు పెట్టడం ఆయన పిచ్చి. "ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు గానీ, కొండ మీద ప్రతి మలుపూ తెలుసు" అని మా అక్క దెప్పుతుంది.

తూర్పు కొండ బాటకు చుక్క పెట్టింది ఆయనే. తర్వాత సరిగ్గా అక్కడే రాతి క్వారీ వచ్చింది, గేటు పడింది. నడిచేవాళ్లు మాత్రం చుక్కను నమ్ముకుని గేటు పక్క సందులోంచి దూరిపోతూనే ఉన్నారు. లోపల రాయి పేలుస్తారు. చుక్కను అవతలివైపు నీళ్ల ట్యాంకు దగ్గరికి మారుద్దామని ఆ పటం దిద్దే బృందంలో అందరూ అన్నారు. "నేల మీద బాట ఎక్కడుంటే చుక్క అక్కడే. ట్యాంకు దగ్గరున్నది మేకలు తొక్కిన గీత" అని బావ జవాబు రాశాడు. వాళ్లు రెండుసార్లు మార్చారు, రెండుసార్లూ వెనక్కి తెచ్చాడు. నాకూ అప్పుడు ఆయన మాటే సబబనిపించింది.

చుక్క పెట్టిందెవరో ఆరా తీసి, ఒక ఉదయం క్వారీ మేనేజరు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని డిపోకే వచ్చాడు.

"ఆ చుక్క తీసెయ్. జనం వచ్చి మీద పడుతున్నారు."

"కొండ నీ బాబుదా? తియ్యను."

ఒకడు బావ చెంప పగలగొట్టాడు. బావ చేతిలో పానా ఉంది. వాడి మోకాలి మీద బలంగా వేశాడు. రెండోవాడు ఆయన్ని బస్సు పక్కన పడదోసి, కుడిచేతిని బూటుకాలితో తొక్కాడు. నేను జాకీ రాడ్డు పట్టుకుని పరిగెత్తేసరికి మూడు వేళ్లు విరిగిపోయాయి.

కట్టు కట్టించాక అడిగాను. "బావా, ఇప్పటికైనా మార్చెయ్యకూడదూ?"

"ఇప్పుడు మారిస్తే దెబ్బలకి భయపడ్డాననుకుంటారురా. చచ్చినా మార్చను."

అది ఇక బాట గొడవ కాదు, వట్టి పంతం. నాకు తెలుసు. అయినా మందుల చీటీ తీసుకుని లేచాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం కాలేజీ అమ్మాయి ఒకతె ఫోనులో చుక్క చూసుకుంటూ ఆ సందులోంచి లోపలికి వెళ్లింది. పేలిన రాయి ముక్క ఎడమ కంట్లో దిగింది. కన్ను తీసేశారు.

కబురు తెలిసిన గంటలో బావ ఎడమచేత్తో చుక్కను ట్యాంకు దగ్గరికి జరిపాడు. నన్ను తోడు రమ్మని ఆసుపత్రికి బయలుదేరాడు. తప్పు క్వారీవాళ్లది, నువ్వు నోరు విప్పొద్దు అని దారంతా బతిమాలాను. వార్డు బయట బెంచీ మీద అమ్మాయి తండ్రి కూర్చుని ఉన్నాడు.

"అక్కడ చుక్క పెట్టింది నేనేనండి. తియ్యమని చెప్పారు. తియ్యలేదు."

ఆయన లేచి బావ మొహం మీద గుద్దాడు. మళ్లీ గుద్దాడు. పెదవి చిట్లి రక్తం కారింది. నేను అడ్డం వెళ్లబోతే బావ కట్టు కట్టిన చేత్తోనే నన్ను పక్కకు నెట్టాడు.

"కొట్టనీరా" అన్నాడు.